పగడపు వన్నె పియొనీ: ఒక సేద్యపు పాఠము



కొన్ని నెలలుగా మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో కొందఱు ఒకే ప్రశ్నను మరల మరల అడుగుచున్నారు. చేతి ఫోనులో పగడపు వన్నెగల యొక పెద్ద పూవు బొమ్మను చూపి, "ఈ దుంపలు తెప్పించుకొన్నచో మన తోటలో పూయునా? పట్టణములలో ఒక్కొక్క పూవునకు మంచి వెల పలుకుచున్నదందురు, నిజమేనా?" అని వారి ప్రశ్న. ఆ పూవు పేరు పియొనీ. బొమ్మలోనిది "కోరల్ చార్మ్" అను సంకరజాతి రకము. వెల పలుకుట నిజమే. మన తోటలో పూయునా యనుదానికి మాత్రము ఒక్క మాటలో జవాబు చెప్పి యూరకుండుట మాకు సమ్మతము గాదు. కాదన్న మాట ఎవరైనను అనగలరు. ఎందువలన కాదో తెలిసికొన్న రైతు మఱియొక దుంప విషయమునను, మఱియొక విత్తనము విషయమునను మోసపోడు. కావున ఈ పూవు పుట్టుకను, చలిదేశములలో దానిని పెంచు పద్ధతిని, అచ్చటి రైతులు లాభము పొందిన తెఱగును, తుదకు మన సంఘమే పడిన నష్టమును ఈ నెల పాఠముగా వరుసన వ్రాయుచున్నాము. ఓపికతో చదువగోరుచున్నాము.

పూవు పుట్టుక

పియొనీలలో కొయ్యకాండము గలిగి పొదగా పెరుగునవి కొన్ని. ఏటేట నేలమట్టమువఱకు ఎండి, నేలలోని దుంపనుండి మరల చిగిర్చునవి కొన్ని. మనము చెప్పుకొనునది ఈ రెండవ తెగ. తోటలలో విరివిగా పెంచు రకములకు మూలము "పియొనియా లాక్టిఫ్లోరా" అను జాతి. చైనా ఉత్తరభాగము, మంగోలియా, సైబీరియా ప్రాంతములు దాని పుట్టినిల్లు. చైనీయులు దీనిని పూవుకొఱకును, ఔషధములలో వాడు వేరుకొఱకును బహుకాలముగా పెంచుచున్నారు. ఈ జాతిలో తెలుపు, గులాబి, ఎఱుపు వన్నెలు కలవు గాని పగడపు వన్నె లేదు. ఫ్రాన్సు దేశపు లెమ్వాన్ వారు 1906లో వెలువరించిన "సారా బెర్నార్డ్" అను లేత గులాబి రకము నేటికిని పూలబజారులో పేరుమోసినదే. అదియు ఈ జాతికి చెందినదే.

బాల్కన్ దేశములలోను టర్కీలోను "పియొనియా పెరెగ్రీనా" అను మఱియొక జాతి కలదు. దాని పూవు నిగనిగలాడు ఎఱుపు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున క్లింటన్ అను ఊర, హామిల్టన్ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడుగా నుండిన ఏ. పి. సాండర్స్ (1869-1953) అను నాయన ఈ రెండు జాతుల పుప్పొడిని కలిపి సంకరములను పుట్టించెను. ఆ సంకరములలో అంతకుముందు పియొనీలలో లేని పగడపు చాయలు కనబడెను. తరువాత ఇల్లినాయిస్ రాష్ట్రమునకు చెందిన శామ్యూల్ విస్సింగ్ అదే త్రోవను నడచి, తాను సాధించిన "కోరల్ చార్మ్", "కోరల్ సుప్రీమ్" అను రకములను 1964లో నమోదు చేయించెను. ఆయన మొక్కలనుండియే వచ్చిన "కోరల్ సన్‌సెట్" 1981లో నమోదయ్యెను. అమెరికా పియొనీ సంఘమువారు తమ స్వర్ణపతకమును కోరల్ చార్మ్ రకమునకు 1986లోను, కోరల్ సన్‌సెట్ రకమునకు 2003లోను ఇచ్చిరి.

ఈ సంవత్సరములను రైతు శ్రద్ధతో చూడవలెను. పియొనీ విత్తు మొలచి మొదటి పూవు పూయుటకే నాలుగైదేండ్లు పట్టును. రకము నమోదైన పిదప దానికి పతకము వచ్చుటకు ఇరువదిరెండేండ్లు పట్టినది. తొందరగలవాని పంట కాదిది.

కోరల్ చార్మ్ మొక్క మూడడుగుల యెత్తు పెరుగును. పియొనీలలో ముందుగా పూయువానిలో నిది యొకటి. మొగ్గ విచ్చినప్పుడు ముదురు పగడపు వన్నె. రెండుమూడు దినములలో పండిన బొప్పాయి కండవంటి లేతరంగునకు దిగి, రాలునాటికి మీగడ రంగగును. ఒకే పొదలో మూడు వన్నెల పూవు లొక్కమాఱు కనబడుటయే దీని ఆకర్షణము.

ఇట్టి సంకరములు తఱుచు గొడ్డువి; గింజ కట్టవు. కట్టినను ఆ గింజనుండి తల్లివంటి మొక్క రాదు. కావున దుంపను చీల్చి నాటుట యొక్కటే దీని వంశవృద్ధికి మార్గము. ఇది మనకు కొత్త సంగతి గాదు. మన తోటలలోని ఢిల్లీ కనకాంబరము గింజ కట్టదనియు, కొమ్మముక్కలు నాటియే పెంచవలెననియు సభ్యులందఱెఱుగుదురు. కోరల్ చార్మ్ విత్తనములని పొట్లములు కట్టి యెవరైన నమ్మజూపినచో, అంతటితో ఆ బేరము మాని వచ్చుట మేలు.

మొక్క నిద్ర, చలి లెక్క

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. మన పసుపును, కందను చూడుడు. పైరు ముదిరినపిదప ఆకు పండి, ఎండి పోవును. నేలలోని దుంప చావదు, నిద్రించును. వేసవి గడచి తొలకరి పడగానే ఆ నిద్ర తేలిపోయి కన్ను మేల్కొనును. పియొనీ దుంపయు నట్లే నిద్రించును. అయితే దానిని మేల్కొలుపునది వానయు గాదు, వేడిమియు గాదు, చలి.

శరత్కాలమున ఆకులు ఎండిపోవునాటికే రాబోవు ఏటి మొలకలు దుంపమీద ఎఱ్ఱని కన్నులుగా సిద్ధపడి యుండును. ఆ కన్నులకు లోపల గట్టి తాళము వేసినట్లుండును. సుమారు 4 డిగ్రీల సెల్సియస్ చలి ఆఱు మొదలు పది వారములపాటు ఎడతెగక తగిలిననే ఆ తాళము ఊడును. రకమునుబట్టి కొన్నింటికి కొంత తక్కువ చాలును, కొన్నింటికి ఎక్కువ కావలెను. ఈ చలికాలములో దుంపలోని పిండిపదార్థము కొంత చక్కెరగా మాఱి, వసంతమున మొలకలు వేగముగా లేచుటకు ఆహారమగును. చలి చాలనిచో మొలకలు కొద్దిగా వచ్చును; వచ్చినను కుఱుచగా నుండి, మొగ్గలు వేయక పోవును, లేదా వేసిన మొగ్గలు లోలోపల ఎండిపోవును.

మన దేశముననే దీనికి నిదర్శనము కలదు. కాశ్మీరము, హిమాచల ప్రదేశము, ఉత్తరాఖండములలోని హిమాలయ సానువులందు, 6,000 అడుగులకు పైబడిన అడవులలో, "పియొనియా ఎమోడి" అను తెల్లపూల పియొనీ తనంతట తాను పెరుగుచున్నది. ఆపిలు పండ్లు పండునంతటి చలి యుండుటవలననే అచ్చట నది పూయుచున్నది. ఆ కొండలు దిగిన పిదప మైదానములలో అది కనబడదు.

ఇప్పుడు మన చలికాలమును లెక్క వేయుడు. కోస్తా జిల్లాలలో పుష్యమాసపు రాత్రియందైనను పియొనీ కోరు చలిలో సగమైనను ఉండదు. ఆదిలాబాదు ప్రాంతమున కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును. చింతపల్లి మన్యమున లంబసింగిలో అంతకన్నను చలి పడును. అయినను అవి కొన్ని రాత్రులు మాత్రమే. తెల్లవాఱి ఎండ వచ్చినంతనే ఆ చలి కరిగిపోవును. పియొనీకి కావలసినది చలి రాత్రి గాదు, చలి ఋతువు.

"శీతలగిడ్డంగిలో దుంపలను రెండునెలలుంచి నాటరాదా?" అని చదువుకొన్న యువకుడొకడు మమ్మడిగెను. తెలివిగల ప్రశ్నయే. అట్లు చేసినచో కన్ను మేల్కొనవచ్చును. పిదప దానికి చల్లని వసంతము కావలెను. మనకు వచ్చునది మండువేసవి. ఆ వేసవి గడచిన పిదప దుంప తడి నేలలో, వెచ్చని వానకాలమున, కుళ్లక నిలువవలెను. అదియు జరిగినచో ప్రతి సంవత్సరమును దుంపను త్రవ్వి మరల గిడ్డంగికి మోయవలెను. కదలింపబడుట ఈ మొక్కకు గిట్టదు. ఇన్ని ఖర్చులకు తాళు పూవు లోకములో లేదు.

నాటు పద్ధతి

చలిదేశములలో దీనిని పెంచు పద్ధతి తెలిసికొనుట వ్యర్థము గాదు. అందు మన పంటలకును పనికివచ్చు మాటలు పెక్కు కలవు.

నాటు కాలము శరత్తు; ఉత్తర దేశములలో సెప్టెంబరు, అక్టోబరు నెలలు. నేల గడ్డకట్టకముందే దుంప పీచువేళ్లు తొడుగవలెను. దినమునకు ఆఱుగంటలకు తక్కువ గాని ఎండ తగులవలెను. పెద్ద చెట్ల వేళ్లు చొరబడని చోటు చూడవలెను. నీరు నిలుచు నేల పనికిరాదు; బంకనేల యైనచో గట్టుకట్టి, ఆ గట్టుమీద నాటుదురు. నేలలో పులుపు తక్కువగా, పి.హెచ్. 6.5 మొదలు 7 వఱకు, ఉండుట మంచిది. పులుపు హెచ్చైనచో సున్నము కలుపుదురు.

గొయ్యి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు త్రవ్వి, బాగుగ చివికిన ఎరువును, కొంత ఎముకల పొడిని మట్టితో కలిపి నింపుదురు. పచ్చిపేడ దుంపకు తగిలినచో కుళ్లు పట్టును. మూడు మొదలు ఐదు కన్నులున్న దుంపముక్కను ఎన్నుకొని, కన్నులు పైకుండునట్లు నాటుదురు. కన్నులమీద మట్టి ఒకటి రెండంగుళములకు మించరాదు. ఈ యొక్క నియమమును పెక్కండ్రు తప్పుదురు. లోతుగా నాటిన మొక్క ఆకులు విరివిగా వేయును, పూవు పూయదు. యజమాని ఎరువుమీద ఎరువు వేయుచు ఏండ్లు గడపును. గొయ్యిలోని మట్టిని ముందే త్రొక్కి నీరుపోసి అణచనిచో, పిదప అది క్రుంగి దుంపయు లోతునకు దిగును.

మొక్కకు మొక్కకు మూడడుగుల ఎడము వలయును. నలువైపుల మూడడుగుల లెక్కన ఎకరమునకు 4,840 దుంపలు పట్టును. ఈ అంకెను గుర్తుంచుకొనుడు. తరువాత అవసరము కలుగును.

మూడేండ్ల ఓర్పు

మొదటి ఏట మొగ్గ కనబడినను గిల్లివేయుదురు. రెండవ ఏట ఒకటి రెండు మాత్రము పూయనిత్తురు. బలమంతయు వేళ్లకు పోవలెనని దీని భావము. మూడవ ఏటినుండి కోత మొదలగును. అటుపిమ్మట ఆ దుంప తోటవానిని తొందరపెట్టదు. కదలింపక యుంచినచో ఏబదియేండ్లు, అంతకు మించియు పూచుచుండును. తాత నాటిన పొదనుండి మనుమరాలు పెండ్లికి పూలు కోసికొనుట అచ్చట వింత గాదు.

పెద్ద పూవు కావలెనన్నచో, నడిమి మొగ్గనుంచి, ప్రక్కమొగ్గలు సెనగగింజంత యున్నప్పుడే తీసివేయుదురు. కోయునప్పుడు పొదలోని కాడలలో మూడవవంతు మొదలు సగమువఱకు మాత్రమే కోసి, కోసిన ప్రతి కాడక్రిందను రెండాకులైనను మొక్కకు విడుతురు. ఆకులే రాబోవు ఏటి పూవునకు పెట్టుబడి. ఈ ఏటి ఆశకు పొదనంతయు ఊడ్చి కోసినవాడు వచ్చు ఏటి పూవునుగూడ కోసికొన్నవాడే యగును.

తెగులు, చీమ

ఈ మొక్కకు ముఖ్య శత్రువు బొట్రైటిస్ అను బూజు తెగులు. ముసురుపట్టిన వసంతమున లేతకాడలు మొదట నల్లబడి వ్రాలును. మొగ్గలు గోధుమరంగునకు మాఱి, బూడిదవంటి బూజు పట్టును. తెగులు తగిలిన భాగమును వెంటనే కోసి తోటకు దూరముగా తీసికొనిపోయి నాశనము చేయవలెను. శరత్తులో ఎండిన కాడలను నేలమట్టమునకు కోసి తోటనుండి తొలగించుట అన్నిటికన్న చౌకయైన మందు; తెగులు బీజము ఆ కసవులోనే శీతకాలము దాగియుండును. మొక్కల నడుమ గాలి ఆడవలెను; సాయంకాలమున ఆకులమీద నీరు చల్లరాదు.

మొగ్గలమీద చీమలు ప్రాకుటను చూచి కొందఱు భయపడి మందు కొట్టుదురు. చీమలే మొగ్గను విప్పునని కొందఱనుకొందురు. రెండును తప్పే. మొగ్గపైని తొడిమరేకులనుండి తేనెవంటి ద్రవము ఊరును. చీమ దానికై వచ్చును, త్రాగిపోవును. మొక్కకు హాని లేదు, మేలును అంతగా లేదు.

కోత, నిలువ

విచ్చిన పూవును బజారునకు పంపరు. మొగ్గను రెండు వ్రేళ్లనడుమ నొక్కిచూచి, దోరజామపండువలె కొద్దిగ లొంగినప్పుడు, తెల్లవాఱుజామున చల్లనివేళ కోయుదురు. పగడపు రకములు త్వరగా విచ్చుకొనును గనుక, రంగు కనబడి ఇంకను కొంత గట్టిగా నున్నప్పుడే కోయవలెను. ఒక దినము ఆలస్యమైనచో ఆ పూవు బేరమునకు పనికిరాదు.

కోసిన కాడలను ఆకులు తగ్గించి, కట్టలుగా కట్టి, కాగితము చుట్టి, నీరులేక పొడిగా 0 మొదలు 1 డిగ్రీ చలిలో పరుండబెట్టినచో సుమారు నెలదినములు నిలుచును. తరువాత కాడ చివర కొంచెము కోసి నీటిలో నిలిపినచో, నిన్న కోసిన దానివలె విచ్చును. చలి ఈ పూవునకు పుట్టుకలోను ప్రాణమే, బేరములోను ప్రాణమే.

అలాస్కా రైతులు చేసిన పని

ఇప్పుడు సహకార సభ్యులు ప్రత్యేకముగా వినవలసిన కథ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అలాస్కా మిగుల ఉత్తరమున నున్నది. అందలి ఫెయిర్‌బ్యాంక్స్ నగరము దాదాపు 65వ అక్షాంశమున నుండుటచే, అచ్చట చలికాలము దీర్ఘము, సేద్యకాలము కొద్ది. అట్టి నేల పూలసేద్యమునకు పనికివచ్చునని పూర్వమెవరును తలపలేదు.

అచ్చటి విశ్వవిద్యాలయములో ఉద్యానశాస్త్ర ఆచార్యురాలైన పాట్ హాలవే 2001లో, జార్జిసన్ వృక్షోద్యానమున పియొనీలను పరీక్షార్థము నాటించిరి. తేలినదేమనగా: హాలండులోను, అమెరికా దక్షిణ భాగములలోను పియొనీ పూత ప్రధానముగా మే, జూను నెలలతో ముగియును. భూగోళమునకు దక్షిణమున నున్న న్యూజీలాండు, చిలీ దేశములలో పూత సంవత్సరాంతమున వచ్చును. అలాస్కాలో మంచు ఆలస్యముగా కరగుటచే పూత జూలై, ఆగస్టు నెలలలో వచ్చును. ఆ నెలలు పడమటి దేశములలో పెండ్లిండ్ల కాలము. బజారున పూవు కావలసిన వేళ, మఱి యెచ్చటను లేని వేళ, అలాస్కాలో నుండును. శాపమనుకొన్న చలియే వారికి మూలధనమైనది.

పూవుండుట యొకటి, అమ్ముకొనుట మఱియొకటి. ఒక్కొక్క రైతునకు కొద్దిపాటి కమతము; శీతలగిది కట్టుట, విమానమున సరకు పంపుట, దూరపు వర్తకునకు ప్రతివారమును మాట తప్పక పూలు అందించుట ఒంటరివానికి అలవిగానివి. అందుచే వారిలో కొందఱు సహకార సంఘములుగా చేరి, ఉమ్మడి కట్టుగిడ్డంగియు శీతలగిదియు ఏర్పఱచుకొని, ఒకే కొలతతో మేలురకము, మధ్యరకము విభజించి అమ్ముచున్నారు. వారికిని కష్టములు లేకపోలేదు. మంచు దుప్పటివలె కప్పనియేడు కటికచలికి దుంపలు చచ్చును. ముసురుపట్టినయేడు బూజు తెగులు వచ్చును. అయినను ఋతువును అర్థము చేసికొని, కలసి అమ్ముటచే వారు నిలిచిరి.

హాలండు దేశమున ఆల్స్‌మేర్ అను ఊరి పూలరైతులు 1911-12 ప్రాంతముననే దళారులకు లొంగక తమ సొంత వేలపుశాలలను సహకార పద్ధతిని నెలకొల్పుకొనిరి. అచ్చటి వేలము పైకి పాడునది గాదు. గడియారపు ముల్లువలె వెల హెచ్చునుండి తగ్గుచు వచ్చును, మొదట మీట నొక్కినవానిది సరకు. ఆ సంఘముల సంతతియైన పెద్దసంఘము నేటికిని రైతుల సొత్తుగానే యున్నది. పగడపు పియొనీలును అట్టి వేలములందు అమ్ముడగుచున్నవి.

మన సంఘము పడిన నష్టము

ఇతరుల గెలుపు చెప్పి మన ఓటమిని దాచుట ధర్మము గాదు. కొన్నియేండ్ల క్రిందట మన సంఘ కార్యవర్గమువారే, మేమును అందులో నుండగా, రంగుల పట్టీని చూచి ముచ్చటపడి, సర్వసాధారణ హిత నిధినుండి సొమ్ము వెచ్చించి, ఒక వర్తకునివద్ద ఇరువది కోరల్ చార్మ్ దుంపలను తెప్పించితిమి. దుంపలు మంచివే. కార్తికమాసమున ఎత్తైన మడి కట్టి, చివికిన ఎరువు వేసి నాటితిమి. సంక్రాంతి నాటికి పదునాలుగు దుంపలు ఎఱ్ఱని మొలకలు వేసెను. సభ్యులు వచ్చి చూచి సంతోషించిరి, మేమును గర్వపడితిమి. మాఘమాసమున నాలుగేసి ఆకులు విప్పెను. అక్కడ ఆగెను. చైత్రమున ఆకుల అంచులు మాడెను. వైశాఖమునకు మడి ఖాళీ. శ్రావణమున త్రవ్వి చూడగా దుంపలు చేతిలో ముద్దగా చితికెను.

వర్తకునకు వ్రాసితిమి. మొలకెత్తునని మాత్రమే హామీ యిచ్చితిననియు, మొలకెత్తినవి గదా యనియు ఆయన జవాబు. ఆయన అబద్ధమాడలేదు. మేము అడుగవలసిన ప్రశ్న అడుగలేదు. "మొలచునా?" అని అడిగితిమి, "పూయునా? ఏ చలిలో పూయును? అట్టి చలిలో కాక మనవంటి ఊర పూచిన తోట యొకటి చూపగలరా?" అని అడుగలేదు.

ఆ మడికి దినదినమును నీరు పెట్టిన మన వృద్ధ సభ్యుడు ఆనాడే యొక మాట అనెను: "అయ్యా, ఈ మొక్క మనలను చలి యడుగుచున్నది, మనము నీరు పోయుచున్నాము." ఆ మాట మా లెక్కల పుస్తకములోని నష్టపు పద్దుకన్న విలువైనది.

సభ్యులు గుర్తుంచుకొనవలసినవి

కొత్త పంట దుంపగాని, అంటుగాని, విత్తుగాని కొనకముందు ప్రతి సభ్యుడును ఈ ప్రశ్నలను వేసికొనవలెనని కోరుచున్నాము.

1. ఈ మొక్క నిద్రించునా? నిద్రించినచో దానిని లేపునది వానయా, వేడిమియా, చలియా? అది మన ఊర నున్నదా?

2. మన ఊరివంటి ఎండవానలుగల చోట ఇది కాచిన, పూచిన తోట కలదా? ఉన్నచో పోయి కంటితో చూడవలెను. బొమ్మ సాక్ష్యము గాదు.

3. మొదటి ఆదాయము ఎన్నవ ఏట? ఎకరమునకు 4,840 దుంపలన్న లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. దుంప వెలతో దానిని హెచ్చవేసి, మూడేండ్ల వడ్డీ కలిపి చూచుడు. పూవు పూయు దేశముననే ఇది పెద్దమొత్తము. పూయని దేశమున అంతయు నష్టమే.

4. కోసిన సరకు ఎన్ని దినములు నిలుచును? అంతలో బజారు చేరుటకు దారి, చలువ, కొనువాడు సిద్ధముగా నున్నారా?

5. అమ్మువాడు దేనికి హామీ యిచ్చుచున్నాడు? మొలకకా, పూతకా? కాగితముమీద వ్రాయించుకొనవలెను.

ఈ ప్రశ్నలకు జవాబు దొరకనియెడల మన కార్యాలయమునకు వచ్చి అడుగుడు. మాకును తెలియనిచో, తెలిసినవారిని కనుగొని చెప్పెదము. సంఘమున్నది అందుకొఱకే.

హిమాలయ సీమలలో బంధువులున్నవారు ఈ పాఠమును వారికి చూపవచ్చును. అచ్చట ఆపిలు పండు చల్లని ఊళ్లలో పియొనీ పెంచుటకు అవకాశము కలదు. మనకు మాత్రము పగడపు వన్నె కావలెనన్నచో దూరము పోనక్కరలేదు. మన కనకాంబరము వన్నె పగడముకన్న తక్కువదా? చలి యడుగదు, మూడేండ్లు నిలుపదు, మన స్త్రీల జడలలో దానికి బజారు ఎన్నడును తఱుగదు. దానికి వేరుముడి పురుగు, ఎండు తెగులు అను రెండు శత్రువులు కలవు. వానిని ఎదుర్కొనుటకు చేయు ఖర్చు పియొనీ దుంపలకు పోయు ధనములో ఎన్నవవంతో సభ్యులే లెక్క చూచుకొనగలరు.

అలాస్కా రైతు తన చలిని చూచి ఏడ్వక, "ఈ చలి మాత్రమే ఈయగలిగినదేమి?" అని అడిగి బాగుపడెను. మనమును మన ఎండను, మన తొలకరిని, మన రేగడినేలను చూచి ఆ ప్రశ్నయే అడుగవలెను. పరదేశపు పూవును చూచి ఆనందించుటకు అభ్యంతరము లేదు. దాని దుంపను గాక, దానిని పెంచినవారి వివేకమును మన నేలలో నాటుకొన్నచో, అది తప్పక మొలచును, పూయును.